గులిమి అనుకున్నాను: బోరబండ బడిలో దొరికిన ఒంటి చెవి కేసు

పాపకు తొమ్మిదేళ్లు. హైదరాబాద్ బోరబండలో ఒక సర్కారు బడిలో నాలుగో తరగతి. నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ మూడిళ్లలో పని చేస్తుంది. ఇంట్లో నాలుగేళ్ల తమ్ముడు, ఊరికీ ఇక్కడికీ తిరుగుతూ ఉండే నాయనమ్మ. పాప పేరు రాయడం లేదు. ఇంటివాళ్లను గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను.

కుడి చెవి అసలు వినపడదు. ఎడమ చెవి బ్రహ్మాండంగా వినపడుతుంది. కేసు మొత్తం ఇంతే. కానీ ఈ రెండు ముక్కలు తేలడానికి బడిలో పరీక్ష చేసిన రోజు నుంచి మూడు నెలలు పట్టింది. అందులో రెండు నెలలకు పైగా నా చేతుల మీదుగానే పోయాయి. నేను ఆడియాలజిస్టును, అంటే వినికిడి పరీక్షలు చేసేదాన్ని. ఆడియాలజీ విద్యార్థులు నా దగ్గరికి పోస్టింగ్‌కు వచ్చినప్పుడు ఈ కేసు చెప్తుంటాను. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు "మేడమ్, ఇది మొదటి సంవత్సరం పాఠమే కదా" అంటారు. అవును, మొదటి సంవత్సరం పాఠమే.

బియ్యం బస్తాల గది

జూలై రెండో వారం. బడులు తెరిచి నెల అయింది, వానలు పట్టాయి, క్లాసులో సగం ముక్కులు కారుతున్నాయి. ఇద్దరం ఆడియాలజిస్టులం, ఒక ఈఎన్‌టీ డాక్టరు గారు, రెండు పోర్టబుల్ ఆడియోమీటర్లు. హెడ్మాస్టరు గారు మర్యాదగా స్టాఫ్ రూమ్ ఇచ్చారు. పక్కనే రోడ్డు, ఆటోల మోత, పైన కిరకిరమనే ఫ్యాను. హెడ్‌ఫోన్ నేనే పెట్టుకుని చూస్తే 25 డెసిబెల్స్ దగ్గర 500 హెర్ట్జ్ టోన్ నాకే అందలేదు. (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పేవి డెసిబెల్స్, ఎంత బొంగురో ఎంత సన్నమో చెప్పేవి హెర్ట్జ్.) పరీక్ష చేసేవాళ్లకే వినపడని గదిలో పిల్లలందరూ ఫెయిలవుతారు.

బడంతా తిరిగితే మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పేర్చిన గది దొరికింది. కిటికీ లేదు. మూడు గోడలకూ నడుము ఎత్తున బస్తాలు. లోపలికి అడుగు పెట్టగానే రోడ్డు మోత ఎవరో గొంతు నొక్కినట్టు తగ్గిపోయింది. లక్షలు పోసి కట్టే సౌండ్ ట్రీటెడ్ గది కాదు గానీ, బడుల్లో నేను చూసిన గదుల్లో ఇదే మేలు. అయినా 500 హెర్ట్జ్ వదిలేశాం. ఫ్యాను, రోడ్డు చేసే మోతంతా తక్కువ హెర్ట్జ్ బొంగురు శబ్దమే కాబట్టి దెబ్బ ముందు దాని మీదే పడుతుంది. 1000, 2000, 4000 హెర్ట్జ్, 25 డెసిబెల్స్, ఒక్కో చెవికి విడివిడిగా. నిశ్శబ్దమైన గదైతే 20 డెసిబెల్స్ దగ్గర చేయాలి. పన్నెండున్నరకు వంట గిన్నెలు, స్టీలు కంచాలు మొదలయ్యేసరికి ఆపేశాం.

పెద్ద పిల్లలు వినపడితే చెయ్యెత్తుతారు. చిన్నవాళ్లకు చింతగింజలు ఇస్తాను, టోన్ వినపడినప్పుడల్లా డబ్బాలో ఒక గింజ. నాలుగో తరగతి వాళ్లు కూడా గింజలే కావాలన్నారు, సరే అన్నాను. పిల్లలు మన చేయి చూస్తారు, మన కళ్లు చూస్తారు, అదీ కుదరకపోతే తాళం పట్టుకుంటారు. మూడు సెకన్లకోసారి నొక్కితే నాలుగోసారి నొక్కకపోయినా గింజ పడుతుంది. అందుకే పక్కకు తిప్పి కూర్చోబెట్టి, ఒకసారి వెంటనే, ఒకసారి ఆలస్యంగా నొక్కుతూ పోవాలి.

పాప వంతు వచ్చింది. ఎడమ చెవికి మూడు టోన్లు, మూడు గింజలు, టక్ టక్ టక్. కుడి చెవికి మార్చాను. 1000 నొక్కాను. ఏం లేదు. 2000. లేదు. 4000. లేదు. గింజ వేళ్ల మధ్య పట్టుకుని బుద్ధిగా కూర్చుంది. కాసేపటికి నా వైపు తిరిగి, "టీచర్, ఇంకా స్టార్ట్ చెయ్యలేదా?" అంది.

మిషన్ మీద అనుమానం వచ్చింది. హెడ్‌ఫోన్ తిప్పి పెట్టాను. ఎర్ర కప్పు కుడికి, నీలం కప్పు ఎడమకు ఉంటుంది, వాటిని అటుదిటు చేశాను. కప్పు పాడైతే తప్పు రెండో చెవికి మారాలి. మారలేదు. మళ్లీ అర్థమయ్యేలా చెప్పి, జుట్టు పక్కకు తీసి, కమ్మలు విప్పించి ఇంకోసారి చేశాను. ఎడమ మూడుకు మూడు, కుడి సున్నా.

డాక్టరు గారు ఓటోస్కోప్‌తో చూశారు. కుడి చెవిలో గులిమి ఉంది. దారి సగం మూసుకుంది, దాని పైనుంచి కర్ణభేరి పైభాగం కనపడుతోంది. ఫారంలో నేను రాసింది ఇది: "కుడి చెవి రెఫర్. గులిమి."

రెఫర్ అంటే ఇంకా పరీక్షలకు పంపాలని. ఆ రెండో మాట దగ్గరే కేసు దారి తప్పింది. ఫలితం పక్కన కారణం కూడా రాసేస్తే ఇక ఎవరూ వెతకరు. రాసిన మనిషి అసలే వెతకదు.

టీచరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "దీనికి వినపడకపోవడం ఏంది మేడమ్? ముందు బెంచీలో కూర్చోబెడితే అన్నిటికీ జవాబు చెప్తది. వెనక్కి పోతే మాట వినదు, అంతే" అన్నారు. అంతకుముందు ఏడాది ఏదో క్యాంపులో ఈ పిల్ల పాసైంది కూడా. ఎలా చేశారని అడిగితే, ఎదురుగా నిలబడి మెల్లగా నాలుగు మాటలు చెప్పి తిరిగి చెప్పమన్నారట. ఎదురుగా నిలబడి మాట్లాడితే ఆ మాట రెండు చెవులకూ పోతుంది, ఒక్క చెవి బాగున్నా చాలు. అక్కడ పరీక్షించింది పిల్లను, చెవిని కాదు.

ఓపీలో నేను చేసిన తప్పు

అయిదు రోజులు చుక్కల మందు వేయించి, పదో రోజున డాక్టరు గారు సక్షన్‌తో గులిమి తీశారు. అదే రోజు నా దగ్గరికి పూర్తి ఆడియోగ్రామ్‌కు పంపారు, అంటే ఒక్కో టోన్ ఎంత చిన్నగా ఉన్నా ఏ చెవికి వినపడుతుందో గీసే పటానికి. సోమవారం. టోకెన్లు అరవై దాటాయి. పాప పొద్దున ఏడింటి నుంచి లైనులో ఉంది, ఆవలిస్తోంది.

ఎడమ చెవి అన్ని చోట్లా 5 నుంచి 15 డెసిబెల్స్ మధ్య వచ్చింది. అంకె ఎంత తక్కువైతే వినికిడి అంత మంచిది. కుడి చెవి హెడ్‌ఫోన్‌తో 500 హెర్ట్జ్ దగ్గర 55, 1000 దగ్గర 60, 2000 దగ్గర 60, 4000 దగ్గర 65. తర్వాత ఎముక మీద వైబ్రేటర్ పెట్టాను. కుడి చెవి వెనక పెడితే 10 డెసిబెల్స్‌కే గింజ వేసింది.

చెవి గురించి తెలిసినవాళ్లు ఈ అంకెలు చూసి ఏమంటారు? గాలి దారిలో 60 దగ్గర వింటోంది, ఎముక దారిలో 10 దగ్గరే వింటోంది. అంటే లోపలి చెవి బాగుంది, బయటో మధ్యలోనో అడ్డు ఉంది. కండక్టివ్ లాస్. నేనూ అదే రాశాను.

ఈ తీర్పులో మూడు లోపాలున్నాయి. మూడూ ఆ రోజు నా కళ్ల ముందే ఉన్నాయి.

ఒకటి, గులిమి. దారి పూర్తిగా మూసుకుంటేనే వినికిడి తగ్గుతుంది. పక్కన కాస్త సందున్నా శబ్దం వెళ్లిపోతుంది. కర్ణభేరి కనపడుతున్న చెవిలో 60 డెసిబెల్స్ నష్టాన్ని గులిమి ఖాతాలో వేయకూడదు. పైగా ఆ గులిమి తీసేశాం కూడా.

రెండు, టింపనోగ్రామ్, కర్ణభేరి ఎలా కదులుతోందో చూపే గీత. రెండు చెవులకూ చక్కగా కొండలా లేచింది, ఏ టైప్, అంటే మామూలే. మధ్య చెవిలో నీరుంటే గీత చదునుగా పడుకుంటుంది. వానాకాలంలో బడుల్లో రెఫర్ అయ్యే పిల్లల్లో చాలామంది ఈ నీటి బాపతే, జలుబుతో వచ్చి చాలావరకు మూడు నెలల్లో దానంతట అదే పోతుంది. నా బుర్రలో ఆ లెక్క తిరుగుతోంది. కొండ కనపడినా "నీరు ఈమధ్యే ఆరిపోయి ఉంటుందిలే" అనుకున్నాను. ముందు తీర్పు ఇచ్చేసి తర్వాత సాక్ష్యాన్ని దానికి సర్దాను.

మూడు, అసలు తప్పు. మాస్కింగ్ చేయలేదు.

గోడ పంచుకున్న రెండిళ్లు అనుకోండి. పక్కింట్లో టీవీ పెద్దగా పెడితే మనింట్లో వినపడుతుంది. హెడ్‌ఫోన్‌లో శబ్దం పెంచుతూ పోతే 50, 60 డెసిబెల్స్ దగ్గర పుర్రె గుండా అవతలి చెవికి చేరిపోతుంది. పాప కుడి చెవి పరీక్షలో గింజ వేసింది నిజమే, కానీ విన్నది ఎడమ చెవి. ఇక ఎముక మీద పెట్టే వైబ్రేటర్‌కు గోడే లేదు. పుర్రె మీద ఎక్కడ పెట్టినా రెండు లోపలి చెవులూ కదులుతాయి. 10 డెసిబెల్స్ దగ్గర విన్నదీ ఎడమ చెవే. రెండు చెవులకూ ఇంత తేడా ఉన్నప్పుడు బాగున్న చెవిలో హోరు పెట్టి దాన్ని పనిలో ముంచి, అప్పుడు రెండో చెవిని అడగాలి. అదే మాస్కింగ్. అది చేయకుండా గీసిన కుడి చెవి ఆడియోగ్రామ్ కుడి చెవిది కానే కాదు, ఎడమ చెవి నీడ.

"పిల్ల అలసిపోయింది, వచ్చేసారి మాస్కింగ్ చేద్దాం" అని ఫైలు పక్కన పెన్సిల్‌తో రాశాను. డాక్టరు గారు నా రిపోర్టు నమ్మి ముక్కులో కొట్టే స్ప్రే రాసి ఆరు వారాల తర్వాత రమ్మన్నారు. ఆయన్ను అనడానికి లేదు. ఆరు వారాలకు అమ్మకు సెలవు దొరకలేదు. దసరా సెలవుల్లో వచ్చారు.

రిఫ్లెక్స్ గీత

ఆ రోజు ఓపీ ఖాళీగా ఉంది. పెన్సిల్ రాత చూశాను. మాస్కింగ్ కంటే ముందు, పోస్టింగ్‌లో ఉన్న విద్యార్థినికి చూపిద్దామని అకౌస్టిక్ రిఫ్లెక్స్ పెట్టాను. పెద్ద శబ్దం వినగానే మధ్య చెవిలో ఒక చిన్న కండరం బిగుసుకుంటుంది. ఏ ఒక్క చెవికి శబ్దం ఇచ్చినా రెండు చెవుల్లోనూ బిగుస్తుంది.

ఆ కదలికను కొలిచే ప్రోబ్ కుడి చెవిలో, శబ్దం ఎడమ చెవిలో. గీత కిందికి దిగింది, అంటే కుడి మధ్య చెవిలో కండరం కదిలింది. కుడి మధ్య చెవిలో అడ్డే ఉంటే ఆ కదలిక ప్రోబ్‌కు తెలియదు. మార్చి, ప్రోబ్ ఎడమలో, శబ్దం కుడిలో పెట్టాను. 100 డెసిబెల్స్. గీత కదలలేదు. 105. కదలలేదు. కుడి చెవికి ఇచ్చిన శబ్దం లోపలికి చేరడం లేదు.

అప్పుడు డ్రాయరు తెరిచి 512 ట్యూనింగ్ ఫోర్క్ తీశాను. మోగించి నుదుటి మీద పెట్టి, "ఏ వైపు వినపడుతోంది?" అన్నాను. ఎడమ చెవి పట్టుకుని చూపించింది. కండక్టివ్ అయితే కుడికి పోవాలి. మొదటి రోజే ఈ ఫోర్క్ తీసి ఉంటే అర నిమిషం పని.

మాస్కింగ్ మొదలుపెట్టాను. "ఎడమ చెవిలో వాన పడుతుంటది. వాన సంగతి పట్టించుకోకు. కుడి చెవిలో ఈల వస్తేనే గింజ వెయ్యి" అన్నాను. వాన పెంచుతూ పోయాను. పోయినసారి 60 దగ్గర పడ్డ గింజ ఈసారి పడలేదు. 80, 90, 100, మిషన్ చివరి గీత దాకా వెళ్లాను. డబ్బా ఖాళీ. ఎముక మీద కూడా అంతే, ఒక్క 250 హెర్ట్జ్ దగ్గర మాత్రం గింజ వేసింది. "వినపడిందా?" అంటే తల అడ్డంగా ఊపి చెవి వెనక ఎముక తట్టి చూపింది. "ఇక్కడ గుర్రుమంది." తక్కువ హెర్ట్జ్ దగ్గర గట్టిగా పెడితే వైబ్రేటర్ అదురు చర్మానికి తెలుస్తుంది. వినడం కాదు, తగలడం. పెద్దవాళ్లు కూడా ఇంత స్పష్టంగా చెప్పరు.

ఓఏఈ, అంటే లోపలి చెవి తిరిగి పంపే సన్నని ప్రతిధ్వని, కుడి చెవిలో రాలేదు, ఎడమలో వచ్చింది. శబ్దానికి నరం, మెదడు ఎలా స్పందిస్తాయో చూసే బేరా పరీక్షలో కుడి చెవికి 90 డెసిబెల్స్ ఇచ్చినా తరంగం లేదు.

పిల్ల నాటకం ఆడుతోందేమోనని ఒక బంధువు అన్నాడట. దానికి జవాబు మొదటి రోజు నేను తప్పుగా చదివిన ఆడియోగ్రామ్‌లోనే ఉంది. ఒక చెవి వినపడనట్టు నటించేవాళ్లు 60 డెసిబెల్స్ దగ్గర అవతలి చెవిలో శబ్దం వినపడుతున్నా చెప్పరు. ఈ పిల్ల వినపడింది వినపడినట్టు చెప్పింది. ఆ నీడే ఆమె నిజాయితీకి రుజువు.

గవదబిళ్ళలు

మొదటిసారి నేను అడిగిన ప్రశ్నలు అందరినీ అడిగేవే. చెవిలో చీము కారిందా, పుట్టగానే ఏడ్చిందా, కామెర్లు వచ్చాయా, మేనరికమా, మెదడు జ్వరం వచ్చిందా. అన్నిటికీ లేదు అన్నారు. ఈసారి అమ్మను కూర్చోబెట్టి, "చెంపలు వాచినయా ఎప్పుడైనా? గవదబిళ్ళలు?" అన్నాను.

"లేసినయ్ మేడమ్. బడిలో వెయ్యకముందు, అయిదేండ్లప్పుడు. ఊర్ల ఉన్నది మా అత్తమ్మ కాడ. పసుపు, సున్నం పట్టు వేసినం. వారానికి తగ్గింది. నడుమ రెండు రోజులు కక్కుకున్నది, ఇల్లు తిరుగుతున్నదని పండినకాడికెళ్లి లేవలే."

చెంపల వాపుకు వాంతులు, తల తిరగడం ఎందుకు? లోపలి చెవిలో వినికిడి భాగానికి ఆనుకునే నిలకడ చూసే భాగం ఉంటుంది. గవదబిళ్ళల వైరస్ అక్కడికి చేరితే రెండూ దెబ్బతినవచ్చు. ఈ చెవుడు అరుదే. కానీ వస్తే సాధారణంగా ఒకే చెవికి, ఉన్నట్టుండి, చాలాసార్లు పూర్తిగా, శాశ్వతంగా వస్తుంది. అయిదేళ్ల పిల్లకు ఒక చెవి పోతే ఎవరికీ తెలియదు, ఆ పిల్లకూ తెలియదు. రెండో చెవి పని నడిపేస్తుంది.

అయినా ఫైల్లో "గవదబిళ్ళల వల్లే" అని రాయలేదు, "వల్ల కావచ్చు" అని రాశాను. గులిమి దగ్గర తగిలిన దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది మరి. ఈ పాపకు పుట్టినప్పుడు ఎవరూ చెవి పరీక్ష చేయలేదు. పుట్టుకతోనే ఆ చెవి పోయి ఉండవచ్చు. అందుకే డాక్టరు గారు చెవి ఎముకకు సీటీ స్కాన్ రాశారు. లోపలి చెవి తయారీలో తేడా ఏమీ లేదు, నరం వెళ్లే దారి మామూలు వెడల్పులోనే ఉంది. దాంతో గవదబిళ్ళల వైపు మొగ్గు ఎక్కువైంది, అంతవరకే.

"అప్పుడే తెస్తే తగ్గేదా మేడమ్?" అని అడిగింది అమ్మ. తగ్గుతుందని గట్టిగా చెప్పగలిగే మందు దీనికి లేదు. ఆ మాటే చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఫోన్ ఎప్పుడూ ఎడమ చెవికే పెడుతుంది. వీధిలో నడిచేటప్పుడు అందరికీ కుడి పక్కకు వచ్చేస్తుంది, మాట్లాడేవాళ్లు ఎడమ చెవి వైపు ఉండేలా. వంటింట్లోంచి పిలిస్తే వాకిట్లోకి పరిగెత్తుతుంది. రెండు చెవులకూ చేరే శబ్దంలో ఉండే తేడాను బట్టే అది ఎటునుంచి వచ్చిందో మెదడు చెప్తుంది. ఒక్క చెవితో ఆ లెక్క కుదరదు. "మొండిది, పిలిస్తే పలుకది అని రెండుసార్లు కొట్టిన గూడ" అంది.

బెంచీ

బడికి మళ్లీ నేనే వెళ్లాను. ఇలాంటి కేసుల్లో ఉత్తరం రాస్తే "ముందు బెంచీలో కూర్చోబెట్టండి" అనే ఒక్క ముక్కే అందుతుంది. పాప అప్పటికే ముందు బెంచీలో ఉంది. కానీ ఎడమ గోడకు ఆనుకుని, రోడ్డు వైపు కిటికీ పక్కన. బాగున్న చెవిలోకి ఆటోల హారన్లు, పాడైన చెవి వైపు టీచరు గొంతు. పిల్లను ముందుకు తెచ్చి చెవిని వెనక్కి నెట్టినట్టయింది.

కుడి గోడ వైపు కూర్చుంటే ఎడమ చెవి క్లాసంతటికీ తెరుచుకుంటుంది. అయితే ఆ క్లాసులో ఎడమ వైపు ఆడపిల్లలు, కుడి వైపు మగపిల్లలు. ఒక్క ఆడపిల్లను అటు కూర్చోబెడితే రేపటి నుంచి బడికి రాదు. టీచరమ్మ రెండు నిమిషాలు ఆలోచించి, మొత్తం క్లాసునే అటుదిటు మార్చేశారు. మగపిల్లలు గోల చేశారు. కిటికీ దొరికిందని సాయంత్రానికి సర్దుకున్నారు.

ఇంకా చెప్పినవి: బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు, డిక్టేషన్ చెప్తూ వరసల మధ్య తిరగొద్దు, అర్థమైందా అని అడిగితే ప్రతి పిల్లా అయిందనే అంటుంది కాబట్టి ఏం అర్థమైందో చెప్పమనండి. ఆటల పీరియడ్‌లో ఈల వేస్తే చెయ్యి కూడా ఎత్తండి.

ఒక్క చెవే కదా అనుకునేవాళ్లకు ఒక పాత సంగతి. 1980లలో అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ బెస్, ఆన్ మేరీ థార్ప్ ఒంటి చెవి పిల్లలను పరిశీలించారు. మూడో వంతుకు పైగా పిల్లలు ఏదో ఒక తరగతి మళ్లీ చదవాల్సి వచ్చింది. అంతవరకు ఒక చెవి బాగుంటే చాలని డాక్టర్లే చెప్పేవారు. మన దగ్గర చిన్న తరగతుల్లో ఎవరినీ ఆపరు కాబట్టి ఆ నష్టం ప్రోగ్రెస్ కార్డులో కూడా కనపడదు. పాప తెలుగు నోట్సు తిరగేశాను. పుస్తకం చూసి రాసినవి ముత్యాల్లా ఉన్నాయి. డిక్టేషన్ పేజీల్లో ఒత్తులు, మాటల చివర్లు ఎగిరిపోయాయి.

ఏం పెట్టలేదు

క్రాస్ మిషన్ ఒకటి ట్రయల్ ఇచ్చాం. వినపడని చెవి దగ్గర మైకు ఉంటుంది, అక్కడి శబ్దాన్ని బాగున్న చెవికి పంపుతుంది. పక్క పిల్ల గుసగుస వినపడిందని మొదటి రోజు మురిసింది. మూడో రోజు తీసేసింది. క్లాసు గోలను కూడా అది మోసుకొచ్చి మంచి చెవిలో పోస్తోంది. టీచరు మెడలో మైకు వేసుకునే రిమోట్ మైక్ అయితే క్లాసులో ఇంతకంటే బాగా పనికొస్తుంది, కానీ దాని ధర, రోజూ చార్జింగ్, ఒక్క టీచరు రెండు తరగతులు చూసే బడి, ఏదీ కలిసిరాలేదు. ఒంటి చెవి చెవుడుకు అయిదేళ్లు దాటిన పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే పరికరం) పెట్టడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో అనుమతించింది. ఆ సంగతి ఇంటివాళ్లకు చెప్పాను, ఖర్చూ చెప్పాను. నాన్న నవ్వి ఊరుకున్నాడు.

సర్టిఫికెట్ వస్తుందా అని నాయనమ్మ అడిగింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో వినికిడి లోపం అంటే రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్, ఆపైన. ఈ పిల్ల ఆ లెక్కలోకి రాదు.

రోడ్డు దగ్గర మాత్రం నాన్నే మాకంటే ముందున్నాడు. మన దగ్గర బండ్లు ఎడమ పక్కన పోతాయి కాబట్టి రోడ్డు దాటేటప్పుడు మొదటి బండి వచ్చేది కుడి నుంచే, అంటే ఈ పిల్లకు చెవి లేని వైపు నుంచి. ఆ సంగతి నాకు తట్టకముందే ఆయన అన్నాడు: "హారన్ మీద నమ్మకం పెట్టుకోవద్దు బిడ్డా, మెడ తిప్పు." రోజూ సాయంత్రం గల్లీ చివర నిలబెట్టి నేర్పించాడట.

ఉన్న ఒక్క చెవినీ కాపాడుకోవాలి. నూనె పోయొద్దు, పిన్నీసు పెట్టొద్దు, గణేశ్ నిమజ్జనం డీజే ముందు నిలబడొద్దు, చెవిపోటు వస్తే ఆ రోజే రండి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఈ సంగతి చెప్పండి. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు చెవికి చేటు. ఏడాదికోసారి ఆడియోగ్రామ్. తమ్ముడికి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకా వేయించమన్నాం. సర్కారు షెడ్యూలులో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) ఉంది, అందులో గవదబిళ్ళల టీకా లేదు. బయట కొనాల్సిందే. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఫారం

ఈ కేసు తర్వాత మా స్క్రీనింగ్ ఫారంలో ఫలితం పక్కనున్న "కారణం" గడి తీసేశాం. బడిలో తేలేది పాస్, రెఫర్ మాత్రమే. గులిమి కనపడితే వేరే గడిలో రాస్తాం. ఒక్క చెవి రెఫర్ అయితే గులిమి తీశాక కూడా మాస్కింగ్ చేసిన ఆడియోగ్రామ్ లేకుండా ఫైలు మూయం. ఆ ఆడియోగ్రామ్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో అయినా, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థ కేంద్రంలో అయినా, ప్రైవేటులో అయినా సరే. అమ్మానాన్నల ప్రశ్నల్లో రెండు చేర్చాం: ఫోన్ ఏ చెవికి పెడుతుంది, గవదబిళ్ళలు వచ్చాయా.

రెఫర్ అయిన పిల్లల జాబితా ఇప్పుడు ఆర్‌బీఎస్‌కే టీముకు కూడా ఇస్తున్నాం. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది, పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలందరికీ వర్తిస్తుంది. వాళ్ల మొబైల్ టీములో డాక్టర్లు, ఏఎన్ఎం, ఫార్మసిస్టు ఉంటారు, ఆడియాలజిస్టు ఉండరు. కానీ వాళ్లకు గల్లీలు తెలుసు. మాకు ఫోన్ నంబర్లే తెలుసు, అవి నెలకోసారి మారిపోతాయి. ఆ బియ్యం బస్తాల గదిలో రెఫర్ అయిన పిల్లల్లో ఇద్దరు ఇప్పటికీ ఆసుపత్రి గడప తొక్కలేదు. ఒకరి ఇల్లు ఖాళీ అయింది. ఇంకొకరి నాయన ప్రతిసారీ "వచ్చే సోమవారం" అంటాడు.

ఏడాది తర్వాత

ఎడమ చెవి అలాగే ఉంది, 5 నుంచి 15 మధ్య. కుడి చెవి మాస్కింగ్‌తో స్పందన లేదు. డిక్టేషన్ తప్పులు సగానికి తగ్గాయని టీచరమ్మ చెప్పారు. బెంచీ వల్లనా, ఏడాది పెద్దదవడం వల్లనా అంటే నేను చెప్పలేను.

అమ్మ ఫిర్యాదు మాత్రం మారింది. "ఇప్పుడు పిలిస్తే పలకకపోతే కొడ్తలేను మేడమ్. కానీ నిజంగ ఇనవడలేదా, ఇనవడనట్టు చేస్తదా సమజైతలేదు. పొద్దుగాల ఎడమ చెవి దిండుకు ఆనిచ్చి పంటది. ఇగ ఎంత ఒర్లినా లేవది."

పాప నా వైపు చూడకుండా డబ్బాలో చింతగింజలు లెక్కపెట్టుకుంటోంది.